ఇనుపరాయి వేసిన దారి: విశాఖ నుంచి కొండల్లోకి రైలు

విశాఖపట్నం స్టేషన్ మద్రాసు–హౌరా ప్రధాన మార్గం మీద ఉండదు, పక్కకు ఉంటుంది. దక్షిణం నుంచి వచ్చిన రైలు దువ్వాడ దాటి ఊళ్లోకి దిగి, ప్లాట్‌ఫారం మీద ఆగి, ఇంజన్‌ను రెండో కొసకు మార్చుకుని, వచ్చిన వైపే కొంత దూరం నడిచి సింహాచలం మీదుగా ఉత్తరానికి మళ్లుతుంది. అప్పటిదాకా ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్లు వెనక్కి చూస్తూ ప్రయాణం చేస్తారు. తొందరున్న రైళ్లు కొన్ని దువ్వాడలోనే ఆగి, ఊళ్లోకి రాకుండానే పోతాయి. విశాఖవాసులకు ఇది పాత ఫిర్యాదు. అయితే ఈ ఊరి పట్టాలు ప్రయాణికుడి వీలు చూసి వేసినవి కావని అర్థమైతే ఈ వంకర కూడా అర్థమవుతుంది. సముద్రం, సరుకు, ఆ సరుకు దొరికే కొండలు: విశాఖ చుట్టూ ఉన్న రైలు మార్గాలను నిర్ణయించినవి ఈ మూడే.

తీరం వెంట రైలు వచ్చింది 1893–96 మధ్య. బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో ముక్కలు ముక్కలుగా పట్టాలు పరిచారు. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన 1900 ఆగస్టులో తెరుచుకునేదాకా నది దగ్గర ఆ దారి తెగే ఉంది. వంతెన పూర్తయిన వెంటనే పంపకాలు మొదలయ్యాయి. 1901–02లో వాల్తేరుకు దక్షిణాన ఉన్న భాగం మద్రాసు రైల్వేకి, ఉత్తరాన ఉన్నది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకి, అంటే బీఎన్ఆర్‌కు దక్కాయి. అలా వాల్తేరు రెండు కంపెనీల సరిహద్దు స్టేషన్ అయింది. ఊరు పెరిగి వాల్తేరును తనలో కలిపేసుకున్నా, రైల్వే డివిజన్ మాత్రం నూరేళ్లకు పైగా ఆ పేరు వదల్లేదు.

రైలు వచ్చినా ఓడరేవు రావడానికి మరో నాలుగు దశాబ్దాల దాకా పట్టింది. డాల్ఫిన్ నోస్ కొండ చాటున, మేఘాద్రిగెడ్డ కలిసే చిత్తడి నేలలో రేవు కట్టవచ్చని 1914లో కల్నల్ కార్ట్‌రైట్ రీడ్ నివేదిక ఇచ్చాడు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పని వాయిదా పడింది. చివరికి కట్టేటప్పుడు, అలల పోటునూ ఇసుక మేటనూ ఆపడానికి రెండు పాత ఓడలను తెచ్చి అక్కడే ముంచి అడ్డుగోడ చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రేవులోకి వచ్చింది. డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. ఆ సరికి రేవుకు సరుకు తెచ్చే రైలు దారి సిద్ధమై రెండేళ్లు దాటింది. ఆ దారి గురించి తిరుగు ప్రయాణంలో చెప్పుకోవడమే సబబు. ఎందుకంటే కొండల్లోకి వెళ్లేవాళ్లు ఈ రోజు ముందుగా ఎక్కేది దానికన్నా మూడున్నర దశాబ్దాలు చిన్నదైన మరో మార్గం: కొత్తవలస–కిరండూల్ లైను. రైల్వేవాళ్ల నోట అది కేకే లైను.

కిరండూల్ ప్యాసింజర్ పొద్దున్నే విశాఖలో బయల్దేరుతుంది. కొత్తవలసలో ప్రధాన మార్గాన్ని విడిచి పడమటికి తిరుగుతుంది. మల్లివీడు, లక్కవరపుకోట, శృంగవరపుకోట దాకా మామూలు మైదానమే: వరి మళ్లు, తాటిచెట్లు, మామిడి తోటలు. బొడ్డవర దాటాక కొండలు దగ్గరికొస్తాయి. శివలింగపురం దగ్గర రైలు ఎక్కడం మొదలుపెడుతుంది. ఇక అక్కడి నుంచి త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ. స్టేషన్ల మధ్య దూరం తక్కువే అయినా పట్టే సమయం ఎక్కువ. ఈ లైను మీద 58 సొరంగాలున్నాయి. మొదటి సొరంగం చీకట్లో పెట్టెంతా పిల్లల కేకలతో మారుమోగుతుంది. పదో సొరంగం వచ్చేసరికి కేకల్లో ఓపిక తగ్గుతుంది. వంపుల్లో రైలు ఎంతగా మెలి తిరుగుతుందంటే, చివరి పెట్టె కిటికీ నుంచి ఇంజన్ ముందున్న సొరంగంలోకి దూరడం కనిపిస్తుంది. కింద లోయలో కాసేపటి క్రితం దాటొచ్చిన పట్టాలు సన్నగా అగుపిస్తాయి.

ఇంత కష్టమైన కొండ మీదికి బ్రాడ్‌గేజ్ లైను ఎందుకు వేశారన్న ప్రశ్నకు జవాబు అరకులో దొరకదు. అందుకు కొండలు దాటి బస్తర్ అవతలి అంచుకు, అక్కడి నుంచి ఏకంగా జపాన్‌కు వెళ్లాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ ఉక్కు పరిశ్రమ మళ్లీ లేచి నిలబడింది. దానికి ఇనుప ఖనిజం కావాలి. దక్షిణ బస్తర్‌లో బైలడిల్లా కొండల్లో ప్రపంచంలోనే మేలురకం ఖనిజం ఉందని 1950లలో జపాన్ నిపుణులు గుర్తించారు. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ, అంటే ఎన్ఎండీసీ, 1958లో ఏర్పడింది. 1960లో ఒప్పందం కుదిరింది. బైలడిల్లా నుంచి ఏటా 40 లక్షల టన్నులు, బీహార్–ఒరిస్సా సరిహద్దులోని కిరిబురు నుంచి 20 లక్షల టన్నులు జపాన్‌కు పంపాలి. కొండ మీద ఖనిజం ఉంది, ఒడ్డున రేవు ఉంది, నడుమ దారి లేదు. తూర్పు కనుమలను అడ్డంగా దాటాలి.

అందుకే 1960లో మూడు పనులు ఒకే పథకంగా మొదలయ్యాయి. కొత్తవలస–కిరండూల్ లైను వాటిలో పెద్దది. తక్కిన రెండూ ఝార్సుగూడ–సంబల్‌పూర్–టిట్లాగఢ్, బిమ్లాగఢ్–కిరిబురు. మూడింటికీ కలిపి దండకారణ్య–బొలంగీర్–కిరిబురు ప్రాజెక్టు, పొట్టిగా డీబీకే అని పేరు. ఇందులో దండకారణ్యం అన్న మాట ఊరికే రాలేదు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు కోరాపుట్, బస్తర్ జిల్లాల్లో భూములిచ్చి స్థిరపరచడానికి 1958లో కేంద్రం దండకారణ్య అభివృద్ధి సంస్థను పెట్టింది. కాగితం మీద ఈ రైలు ఆ పనికీ ఆసరా. ఆచరణలో మాత్రం కొలతలన్నీ ఖనిజానికి సరిపడా తీసినవే. 1966–67 నాటికి లైను పూర్తయింది. 1965లోనే విశాఖలో డీజిల్ లోకోషెడ్ వెలిసింది. 1968లో కిరండూల్ గని పని మొదలెట్టింది. మరీ పెద్ద ఖనిజ నౌకలు పాత రేవులోకి దూరలేవు కనుక 1976లో ఔటర్ హార్బర్ తెరిచారు. గని, రైలు, రేవు ఒకదాని కొలతను బట్టి ఇంకొకటి పెరిగాయి.

బొర్రా గుహలు స్టేషన్‌లో సందర్శకులు సగం దిగిపోతారు. గోస్తని నది తొలిచిన సున్నపురాయి గుహలివి, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. రైలు పట్టాలు గుహల పైభాగం మీదుగానే వెళ్తాయి. ప్లాట్‌ఫారం మీద ఆడవాళ్లు ఆకు దొన్నెల్లో జామకాయలు, కాలాన్ని బట్టి పనసతొనలు, సీతాఫలాలు పట్టుకుని కిటికీల పక్కన నడుస్తుంటారు. బేరం మూడు మాటల్లో తేలిపోవాలి, సిగ్నల్ పడితే రైలు ఆగదు. 2017లో ఈ రైలుకు అద్దాల పైకప్పు, గుండ్రంగా తిరిగే సీట్లు ఉన్న విస్టాడోమ్ పెట్టె తగిలించాక టికెట్ల కోసం పోటీ మొదలైంది. ఖనిజం కోసం పుట్టిన లైను విహారానికి పేరు తెచ్చుకోవడం దాని అసలు లెక్కల్లో లేని లాభం.

ఇంకాస్త పైన శిమిలిగుడ. పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద ఎత్తు 996.32 మీటర్లని రాసి ఉంటుంది. కాశ్మీర్ లోయలోకి రైలు వచ్చేదాకా దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఇంత ఎత్తైన స్టేషన్ లేదని ఇక్కడ గొప్పగా చెప్పుకునేవారు. స్టేషన్ మట్టుకు చాలా చిన్నది. రైలు ఆగిన రెండు నిమిషాల్లో ఫొటోలు తీసుకునేవాళ్ల హడావుడి తప్ప మరో అలికిడి ఉండదు.

అరకు దాటితే రైలు స్వభావమే మారిపోతుంది. విశాఖ నుంచి వచ్చిన బ్యాగులు, కెమెరాలు, బొంగు చికెన్ కబుర్లు అన్నీ అక్కడే దిగిపోతాయి. పెట్టెల్లో మిగిలేది సంతకు పోయొచ్చేవాళ్లు, కూలి పనులకు ఊళ్లు మారేవాళ్లు, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో చూపించుకుని ఇంటికి తిరిగి వెళ్తున్న రోగులు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు. మాట తెలుగు నుంచి ఒడియాకు, దేశియాకు, ఇంకా ముందుకు పోతే హల్బీకి, గోండీకి మారుతుంది. గోరాపూర్, దార్లిపుట్, పాడువా, మాచ్‌ఖండ్ రోడ్ అన్నీ ఒడిశా స్టేషన్లు. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. ఈ కొండ ప్రాంతమంతా 1936 దాకా మద్రాసు రాష్ట్రంలో విశాఖపట్నం ఏజెన్సీకి చెందినదే. జయపురం సంస్థానాధీశుడు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇచ్చిన విరాళాలు విశాఖలో ఇప్పటికీ గుర్తే. రైలు మాత్రం ఆ రోజుల్లో జయపురం దాకా రాలేదు. జమీందారు ఎంత పెద్దవాడైనా, సంస్థానం ఎంత విశాలమైనదైనా, కంపెనీకి లాభం చూపే సరుకు అక్కడ లేదు.

కోరాపుట్ తర్వాత పట్టాలు మళ్లీ కొండ దిగి జయపురం మైదానానికి చేరతాయి. ఖనిజం బండ్లకు అసలు పరీక్ష ఇక్కడే. కిరండూల్ నుంచి రేవుకు దారంతా దిగుడే అనుకుంటారు కానీ, నిండు బండి జయపురం నుంచి కోరాపుట్ ఘాట్ ఎక్కి, శిమిలిగుడ శిఖరం దాటాకే చివరి దిగుడు అందుకోవాలి. అందుకని ఎక్కేచోట అదనపు ఇంజన్లు జతచేస్తారు. ఎక్కడంకన్నా దిగడమే ప్రమాదం. వేల టన్నుల బరువు వెనకనుంచి తోస్తుంటే బ్రేకు మీద చెయ్యి తీయకుండా గంటలకొద్దీ నడపాలి. 1980ల మొదట్లో లైనంతా విద్యుదీకరించాక ఈ భారం కొంత తగ్గింది. కొత్తతరం విద్యుత్ ఇంజన్లు దిగేటప్పుడు మోటార్లనే జనరేటర్లుగా మార్చి కరెంటును తిరిగి తీగలోకి పంపుతాయి.

క్రాసింగ్ కోసం ప్యాసింజర్ రైలును పక్క లైన్లో ఆపినప్పుడు ఈ బండ్లను దగ్గరగా చూసే వీలుంటుంది. ఒక్కో బండి దాటడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మొదటిసారి చూసేవారికి వ్యాగన్లు సగం ఖాళీగా ఉన్నట్టు తోస్తుంది. ఖనిజం అడుగునే కుప్పలా ఉంటుంది, పైన ఇనుప గోడలు ఉత్తవే. బొగ్గయితే అదే వ్యాగన్‌ను అంచుల దాకా నింపుతారు. ఇనుపరాయి బరువు వేరు, సగం నిండకముందే చక్రాలు మోయగల హద్దు వచ్చేస్తుంది. ఆ ఎర్ర ధూళి కంకర మీద, స్లీపర్ల మీద, స్టేషన్ గోడల మీద, పట్టాల పక్క తుప్పల ఆకుల మీద పేరుకుని ఉంటుంది. వానాకాలంలో అదే నీళ్లతో కలిసి కాలవల్లో ఎర్రగా పారుతుంది. ఆ కాలంలో కొండచరియలు విరిగి పట్టాల మీద పడి రాకపోకలు ఆగడమూ మామూలే.

జగదల్‌పూర్ బస్తర్‌కు ముఖ్యపట్టణం. ఇక్కడ రైలు పటం చూస్తే ఈ లైను ఎవరి కోసం వేశారో కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. జగదల్‌పూర్ నుంచి తన రాష్ట్ర రాజధాని రాయపూర్‌కు రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు. నేరుగా రైలు దారి లేదు. రైల్లోనే వెళ్లాలనుకుంటే కోరాపుట్, రాయగడ, టిట్లాగఢ్ చుట్టి, ఒడిశా అంతా తిరిగి వెళ్లాలి. దల్లీ రాజ్‌హరా వైపు నుంచి రావ్‌ఘాట్ మీదుగా జగదల్‌పూర్‌కు లైను కలిపే ప్రయత్నం ఏళ్లుగా నడుస్తోంది. దానికి ఊపిరి కూడా రావ్‌ఘాట్ కొండల్లోని ఇనుమే. సముద్రానికి, వేరే రాష్ట్రపు రేవుకు మాత్రం 1960ల నుంచీ తిన్నని దారి ఉంది.

జగదల్‌పూర్ తర్వాత దిల్మిలీ, గీదం, దంతేవాడ, భాన్సీ, బచేలి, చివరికి కిరండూల్. మావోయిస్టుల బెడద ఎక్కువగా ఉన్న కాలంలో ప్యాసింజర్‌ను దంతేవాడలోనో జగదల్‌పూర్‌లోనో ఆపేసిన రోజులు లెక్కలేనన్ని. ఖనిజం బండ్లు మాత్రం జాగ్రత్తల మధ్య నడుస్తూనే ఉండేవి. బచేలిలో రెండో గని 1977లో మొదలైంది. ఈ ఖనిజం ఇప్పుడు జపాన్‌కే పోవడం లేదు. విశాఖ ఉక్కు కర్మాగారానికీ పోతోంది. 2000ల మధ్యలో ఒక ప్రైవేటు సంస్థ ఖనిజాన్ని పొడి చేసి నీళ్లలో కలిపి పంపడానికి బైలడిల్లా నుంచి విశాఖ దాకా 267 కిలోమీటర్ల గొట్టం వేసింది. రైలుకు అది మొదటి పోటీ. అయినా ఒంటి లైను చాలక కేకే మార్గాన్ని జంటగా మార్చే పని ముక్కలు ముక్కలుగా సాగుతూనే ఉంది.

తిరుగు ప్రయాణంలో కోరాపుట్ దగ్గర ఇంకో దారి చీలుతుంది. కోరాపుట్–రాయగడ లైను 164 కిలోమీటర్లు, 1998 డిసెంబరు 31న పూర్తయింది. దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా కర్మాగారం రావడం ఈ లైనుకు బలం చేకూర్చింది. అప్పటిదాకా కోరాపుట్ నుంచి తన రాష్ట్రంలోని భువనేశ్వర్‌కు రైల్లో పోవాలంటే ముందు కొత్తవలసకు దిగాల్సి వచ్చేది. ఈ చుట్టుపక్కల లైన్లలో ఒక జిల్లావాసుల అవసరం కాస్తయినా కనిపించేది ఈ ఒక్కదానిలోనే.

రాయగడలో కలిసేది వెనక వాయిదా వేసిన పాత మార్గం: రాయపూర్–విజయనగరం లైను, ఆర్‌వీ లైను. దీనికి తొందరపాటు లేని చరిత్ర ఉంది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 79 కిలోమీటర్లు 1908–09లో తెరిచారు. అక్కడ పని ఆగింది. బొబ్బిలి నుంచి సాలూరుకు ఓ కొమ్మ 1913లో వచ్చింది. పార్వతీపురం అవతల కొండల్లోంచి రాయపూర్ దాకా తీసుకుపోవడానికి మరో రెండు దశాబ్దాలు పట్టి 1931కి దారి మొత్తం పూర్తయింది. విశాఖ రేవు పని జోరందుకోవడమే ఆ ఆఖరి ముక్కకు కారణం. మధ్య పరగణాల మాంగనీసు కలకత్తా చుట్టూ తిరగకుండా దగ్గరి దారిన సముద్రం చేరాలి. రేవు మొదలైన తొలి ఏళ్లలో ఎగుమతుల్లో మాంగనీసుదే పెద్ద పాలు.

రెండు లైన్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే పాలన మారినా పట్టాల దిక్కు మారలేదని తెలుస్తుంది. 1930లలో మాంగనీసు బ్రిటన్ వైపు పోయింది. 1968లో ఇనుము జపాన్ వైపు పోయింది. నిజానికి బీఎన్ఆర్ వేసిన ఆర్‌వీ లైను దారిలో బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ లాంటి ఊళ్లను తాకుతూ రెండు ప్రాంతాలను కలిపింది. బియ్యం, బెల్లం, జనుము దాని మీద నడిచాయి. స్వతంత్ర భారతం వేసిన కేకే లైను ఒక గనిని ఒక రేవుకు కలిపింది, మిగిలినవన్నీ దారిలో తగిలినవే. తేడా లేదనడం కూడా సరికాదు. గనీ రైలూ రేవూ దేశానివే, విదేశీ వాటాదార్లకు హామీ వడ్డీలు కట్టాల్సిన పని లేదు, ఆ ఖనిజంతోనే విశాఖలో ఉక్కు కూడా తయారైంది. అయినా కొండ మీది ఊళ్లకు ఒరిగింది ఎంత అని లెక్కతీస్తే రోజుకు ఒకటో రెండో ప్యాసింజర్లు తేలతాయి.

సాలూరు కొమ్మ సంగతి ప్రత్యేకం. బొబ్బిలి నుంచి 18 కిలోమీటర్లు కూడా లేని ఈ ముక్కను సాలూరు నుంచి కొండ మీదికి పొడిగిస్తారని ఒకప్పుడు ఆశ ఉండేది. అది ఎప్పటికీ జరగలేదు. జనం తగ్గాక ఇంజనూ పెట్టెలూ ఎందుకని ఒకే పెట్టె ఉన్న రైల్‌బస్సును నడిపారు. పట్టాల మీద బస్సు పోతుంటే చూడ్డానికి వేరే జిల్లాల నుంచి వచ్చేవారు కూడా ఉండేవారు.

విజయనగరం నుంచి తీరం వెంట ఉత్తరానికి పోతే నౌపడ వస్తుంది. ఇక్కడ మొదలయ్యే దారికి కంపెనీలతో గానీ ఖనిజంతో గానీ పని లేదు. పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి తన ఊరిని ప్రధాన మార్గానికి కలుపుకోవాలని సొంత ఖర్చుతో నౌపడ నుంచి రెండున్నర అడుగుల నారోగేజ్ లైను వేయించాడు. 1900లో అది తెరుచుకుంది. 39 కిలోమీటర్లకు సుమారు 7 లక్షల రూపాయలయ్యాయి. 1931 నాటికి గుణుపురం చేరింది. బొమ్మ రైలులా కనిపించే ఆ బండి మీద పర్లాకిమిడిలో పనిచేసే పంతుళ్లు, సవర కొండలకు పోయే వ్యాపారులు ప్రయాణించారు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి ఉన్నదీ ఆ పర్లాకిమిడిలోనే. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపగానే ఆయన రాజమండ్రికి తరలిపోయాడు. రాజు వేసిన రైలు మటుకు రెండు రాష్ట్రాల మధ్య పొగ చిమ్ముతూ తిరుగుతూనే ఉంది. నారోగేజ్ బండి 2004 జూన్‌లో ఆగిపోయింది, 2011లో బ్రాడ్‌గేజ్ వచ్చింది.

ఈ దారులన్నిటి యజమానులూ కాలానుగుణంగా మారారు. బీఎన్ఆర్ 1944లో ప్రభుత్వపరమైంది. 1952లో తూర్పు రైల్వే, 1955లో ఆగ్నేయ రైల్వే, 2003లో భువనేశ్వర్ కేంద్రంగా తూర్పుతీర రైల్వే వచ్చాయి. విశాఖ కేంద్రంగా జోన్ కావాలన్న కోరిక చాలా పాతది. 2019 ఫిబ్రవరిలో దక్షిణ కోస్తా రైల్వే ప్రకటన వచ్చింది. 2025 జనవరిలో దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను రెండుగా పంచింది. పలాస–విశాఖ–దువ్వాడ ప్రధాన మార్గం, విజయనగరం నుంచి కూనేరు దాకా ఆర్‌వీ లైను, సాలూరు కొమ్మ, పర్లాకిమిడి దాకా నౌపడ లైను, అన్నీ కలిపి సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్ పేరుతో కొత్త జోన్‌లోకి వచ్చాయి. కొత్తవలస–బచేలి, కూనేరు–తెరువలి, సింగపూర్ రోడ్–కోరాపుట్, పర్లాకిమిడి–గుణుపురం, సుమారు 680 కిలోమీటర్లు, తూర్పుతీర రైల్వేలో కొత్తగా పెట్టిన రాయగడ డివిజన్‌కు వెళ్లాయి. సరుకు రవాణాలో ఆదాయమున్న కేకే లైను చేయి జారిందని ఆంధ్రలో అసంతృప్తి. గనులూ కొండలూ ఎక్కువగా తమ వైపే ఉన్నాయని ఒడిశా వాదన. బొర్రా, శిమిలిగుడ, అరకు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా ఆ స్టేషన్లు ఈ పంపకంలో రాయగడ డివిజన్‌కే చెందాయి.